ఫైల్ మూసేటప్పుడు క్లోజ్ ఇచ్చే ఎర్రర్‌ని చూడాలా, వదిలేయొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. సీ భాషలో రాసిన మీ ప్రోగ్రామ్ పెద్ద ఫైళ్ళు తయారుచేస్తుంది, కొన్నిసార్లు నెట్‌వర్క్ డ్రైవ్ మీదికి కూడా. ప్రతి రైట్ ఫలితాన్నీ చెక్ చేస్తున్నారు. కోడ్ రివ్యూలో ఒకరు "క్లోజ్ ఫలితం కూడా చూడు" అన్నారు, ఇంకొకరు "క్లోజ్ ఫెయిలైతే మనం చేసేదేముంది, వదిలెయ్" అన్నారు. చూడాలా వద్దా, ఫెయిలైతే మళ్ళీ పిలవాలా అన్నది మీ సందేహం.

చూడాలి. రాయడం కోసం తెరిచిన ప్రతి ఫైల్‌కీ చూడాలి. అయితే క్లోజ్ సున్నా (అంటే సఫలం) ఇచ్చినంత మాత్రాన డేటా డిస్క్‌కి చేరినట్టు కాదు, కాబట్టి అదొక్కటే చాలదు. పోతే ఇబ్బందిపడే డేటా అయితే ముందు ఎఫ్‌సింక్ (డేటాని డిస్క్‌దాకా పంపి ఫలితం చెప్పే కాల్) పిలిచి ఫలితం చూడండి, తర్వాత క్లోజ్ పిలిచి ఫలితం చూడండి. రెండూ బాగున్నాకే "రాశాను" అని చెప్పండి. క్లోజ్ ఫెయిలైతే లినక్స్‌లో దాన్ని మళ్ళీ పిలవకూడదు. "చేసేదేముంది" అన్న మాటకు జవాబు కింద విడిగా రాస్తాను, ఎందుకంటే చేయగలిగింది చాలా ఉంది, అసలు విషయమంతా అక్కడే ఉంది.

ముందు రైట్ సంగతి. రైట్ కాల్ మీరిచ్చిన బైట్లను కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగం) మెమరీలో ఉంచుకునే పేజ్ క్యాష్‌లోకి కాపీ చేసి వెనక్కి వచ్చేస్తుంది. డిస్క్ ఆ సమయానికి వాటి ముఖం కూడా చూసి ఉండదు. లినక్స్‌లో మామూలు సెట్టింగుల ప్రకారం కెర్నల్ ఫ్లషర్ త్రెడ్ 5 సెకన్లకోసారి లేచి, 30 సెకన్లు దాటిన మురికి పేజీలను (ఇంకా డిస్క్‌కి చేరని మార్పులున్నవాటిని) డిస్క్‌కి పంపుతుంది (మెమరీలో అలాంటి పేజీలు మరీ పేరుకుపోతే ఇంకా ముందే పంపుతుంది). అంటే రైట్ "సరే" అన్న అర నిమిషానికి డిస్క్ "కుదరదు" అనొచ్చు. అప్పటికి మీ ప్రోగ్రామ్ ఎక్కడుందో! ఇంకో ఫైల్ రాస్తూ ఉండొచ్చు, ముగిసిపోయి కూడా ఉండొచ్చు. కెర్నల్ ఆ ఎర్రర్‌ని ఆ ఫైల్ పేరున గుర్తుపెట్టుకుని, ఎవరైనా అడిగితే చెబుతుంది. అడగకపోతే చెప్పదు. ఎఫ్‌సింక్ అలా అడిగే కాల్. క్లోజ్ కొన్ని ఫైల్ సిస్టమ్‌లలో అలా అడిగే కాల్, కొన్నింటిలో కాదు.

మీది సీ ప్రోగ్రామ్ అన్నారు గనక దీనికంటే పైనున్న ఇంకో పొరను ముందు చూసుకోవాలి. మీరు "రైట్ చెక్ చేస్తున్నాను" అన్నది నిజంగా రైట్ సిస్టమ్ కాలేనా, లేక ఎఫ్‌రైట్, ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ లాంటి సీ లైబ్రరీ ఫంక్షన్లా (వాటితో రాసిన ఫైల్‌ని మూసేది ఎఫ్‌క్లోజ్)? రెండోదైతే మీరు చెక్ చేస్తున్నది డిస్క్‌నీ కాదు, కెర్నల్‌నీ కాదు. మీ ప్రాసెస్‌లోనే ఉన్న బఫర్‌ని. లినక్స్‌లో ఫైళ్ళకు ఆ బఫర్ సాధారణంగా 4096 బైట్లు ఉంటుంది. మీ అవుట్‌పుట్ అంతకంటే చిన్నదైతే ప్రతి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ విజయవంతంగానే తిరిగొస్తుంది, అసలు రైట్ కాల్ మొత్తం ఎఫ్‌క్లోజ్ లోపలే జరుగుతుంది. పెద్ద ఫైలయినా చివరి ముక్క అంతే. ఎఫ్‌క్లోజ్ ఫలితాన్ని చూడకపోవడమంటే చివరి రైట్‌ని చూడకపోవడమే. చిన్న ఫైళ్ళకైతే ఒక్క రైట్‌నీ చూడనట్టే. ఇక్కడ ఫైల్ సిస్టమ్ ఏదన్న ప్రశ్నే లేదు. డిస్క్ నిండితే మామూలు లోకల్ డిస్క్ మీద కూడా ఎఫ్‌క్లోజ్ ఫెయిలవుతుంది.

ఇది కళ్ళారా చూడాలంటే లినక్స్‌లో /డెవ్/ఫుల్ అనే డివైస్ ఉంది. దానికి ఏం రాసినా "చోటు లేదు" అన్న ఎర్రర్, అంటే ఈనోస్పేస్, వస్తుంది. సీ నేర్చుకునేవాళ్ళు మొదట రాసే "హలో వరల్డ్" ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసి, అవుట్‌పుట్‌ని ఆ డివైస్‌కి మళ్ళించి, ఎగ్జిట్ కోడ్ చూడండి. సున్నా వస్తుంది. ఒక్క అక్షరం రాయలేకపోయినా అంతా బాగుందనే చెబుతుంది. మెయిన్ ఫంక్షన్ ముగిశాక లైబ్రరీ బఫర్‌ని ఖాళీ చేయబోయింది, ఎర్రర్ వచ్చింది, ఆ ఎర్రర్‌ని చెప్పడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. అదే ఎల్‌ఎస్ కమాండ్ అవుట్‌పుట్‌ని అక్కడికి మళ్ళిస్తే ఎర్రర్ చెప్పి, సున్నా కాని కోడ్‌తో ఆగుతుంది. గ్నూ కోర్‌యుటిల్స్ (ఎల్‌ఎస్ లాంటి రోజువారీ కమాండ్ల సెట్) వాళ్ళు ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు స్టాండర్డ్ అవుట్‌పుట్‌ని తామే మూసి ఫలితం చూసే చిన్న ఫంక్షన్‌ని తమ టూల్స్‌లో పెట్టుకున్నారు. స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి డేటా రాసే టూల్ ఏదైనా ఆ పద్ధతి పాటించాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే దాన్ని వాడే షెల్ స్క్రిప్ట్‌కి ఎగ్జిట్ కోడ్ తప్ప ఇంకో ఆధారం లేదు.

ఇక కెర్నల్ క్లోజ్ దగ్గరికి వద్దాం. లినక్స్‌లో క్లోజ్ పిలిచినప్పుడు, ఆ ఫైల్ సిస్టమ్‌కి "ఫ్లష్" అనే ఆపరేషన్ ఉంటే కెర్నల్ దాన్ని నడిపి, అది ఇచ్చిన విలువనే మీకు తిరిగి ఇస్తుంది. ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటి లోకల్ ఫైల్ సిస్టమ్‌లకు ఆ ఆపరేషన్ లేదు. అక్కడ క్లోజ్ డిస్క్ జోలికి వెళ్ళదు, దాదాపు ఎప్పుడూ సున్నానే ఇస్తుంది. "నా సర్వీసులో క్లోజ్ ఫెయిలవడం నేనెప్పుడూ చూడలేదు" అనేవాళ్ళు చాలావరకు ఈ అనుభవంతోనే మాట్లాడతారు. వాళ్ళు చూసింది నిజమే. కానీ ప్రోగ్రామ్ రాసేవాడికి అది ఏ ఫైల్ సిస్టమ్ మీద నడుస్తుందో ఎప్పటికీ తెలియదు కదా. ఈరోజు లోకల్ డిస్క్ మీద ఉన్న డైరెక్టరీని రేపు అడ్మిన్ ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లోని సర్వర్ ఫైళ్ళను మన మెషీన్‌లోనివిగా చూపించే ఫైల్ సిస్టమ్) మౌంట్‌కి మారుస్తాడు, మీ కోడ్‌లో ఒక్క అక్షరం మారదు.

ఎన్‌ఎఫ్‌ఎస్‌లో కథ పూర్తిగా వేరు. అక్కడ ఒక నియమం ఉంది: ఒక మెషీన్ ఫైల్‌ని మూశాక ఇంకో మెషీన్ దాన్ని తెరిస్తే కొత్త డేటా కనపడాలి. ఆ మాట నిలబెట్టుకోవాలంటే క్లయింట్ క్లోజ్ సమయంలో తన దగ్గరున్న డేటా అంతా సర్వర్‌కి పంపి, జవాబు కోసం ఆగాలి. సర్వర్‌లో చోటు లేకపోయినా, మీ కోటా దాటిపోయినా ఆ సంగతి చాలాసార్లు మొదట బయటపడేది క్లోజ్‌లోనే. ఏఎఫ్‌ఎస్ అనే ఇంకో నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ కూడా అంతే, ఫైల్ మార్పులను మూసేటప్పుడు సర్వర్‌కి పంపుతుంది. విండోస్ షేర్లను మౌంట్ చేసే సిఫ్స్ క్లయింట్‌కీ ఫ్లష్ ఉంది. ఫ్యూజ్ (కెర్నల్ బయట మామూలు ప్రోగ్రామ్‌గా ఫైల్ సిస్టమ్ రాసుకునే ఏర్పాటు) మీద కట్టిన ఫైల్ సిస్టమ్‌లు, ముఖ్యంగా ఆబ్జెక్ట్ స్టోరేజ్‌ని ఫోల్డర్‌లా చూపించేవి, ఫ్లష్‌లో ఏమైనా చేయొచ్చు. కొన్ని అసలు అప్‌లోడ్ అంతా అక్కడే చేస్తాయి. వాటి మీద రాస్తూ క్లోజ్‌ని చూడకపోతే రైట్‌లన్నీ చెక్ చేసినా ఏమీ చెక్ చేయనట్టే.

నన్ను పిలిచి చూపించిన ఒక కేసు చెబుతాను. పాత సర్వర్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్‌కి ఫైళ్ళు తరలించే టూల్ అది. లోపల కోడ్ శుభ్రంగా ఉంది. రీడ్ చెక్, రైట్ చెక్, రైట్ సగమే రాస్తే మిగతాది మళ్ళీ రాసే లూప్ కూడా ఉంది. చివర క్లోజ్ మాత్రం ఊరికే పిలిచి వదిలేశారు, ఆ తర్వాతి లైన్లోనే ఒరిజినల్ ఫైల్‌ని తీసేస్తున్నారు. గమ్యస్థానంలో ఒక యూజర్ కోటా నిండింది. ఆ తర్వాత వచ్చిన ఫైళ్ళన్నీ సరైన పేర్లతో, సరైన డైరెక్టరీల్లో ఉన్నాయి, లోపల మాత్రం డేటా లేదు లేదా మధ్యలో తెగిపోయి ఉంది. ఒరిజినల్స్ లేవు. టూల్ లాగ్‌లో ప్రతి ఫైల్ ఎదురుగా "విజయం" అనే ఉంది. ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌నీ వాటి ఫలితాలనీ చూపించే టూల్) పెట్టి మళ్ళీ నడిపితే ప్రతి క్లోజ్ దగ్గరా కోటా ఎర్రర్ స్పష్టంగా కనపడింది. కెర్నల్ ప్రతిసారీ చెప్పింది, వినడానికి ప్రోగ్రామ్‌లో ఎవరూ లేరు.

ఇప్పుడు "ఫెయిలైతే చేసేదేముంది" అన్న ప్రశ్న. పై కేసులో చేయాల్సింది ఏమిటో చూడండి: ఒరిజినల్ తీసేయకపోవడం. అంతే. క్లోజ్ ఎర్రర్‌ని మీరు బాగుచేయలేకపోవచ్చు, కానీ దాని తర్వాత మీ ప్రోగ్రామ్ వేసే అడుగు ఆపగలరు. పాత ఫైల్ మీదికి కొత్తదాన్ని రీనేమ్ చేయకండి. క్యూలోంచి మెసేజ్ తీసేయకండి. డేటాబేస్‌లో "పూర్తయింది" అని గుర్తు పెట్టకండి. అవతలి సర్వర్‌కి "అందింది" అని జవాబివ్వకండి. ఏ ఫైల్, ఏ ఎర్రర్ అన్నది లాగ్‌లో రాసి, సున్నా కాని కోడ్‌తో బయటికి రండి. ఏ అడుగు వేశాక వెనక్కి రాలేరో ఆ అడుగు మీ కోడ్‌లో ఎక్కడుందో వెతకండి. ఎర్రర్ చూడాల్సిన పనంతా దానికి ముందే పూర్తవ్వాలి. నేను ఇలాంటి కోడ్ రివ్యూ చేసేటప్పుడు క్లోజ్ కోసం వెతకను, అన్‌లింక్ (ఫైల్‌ని తీసేసే కాల్), రీనేమ్, "సక్సెస్" అన్న పదాల కోసం వెతుకుతాను. అక్కడినుంచి పైకి చదువుకుంటూ వెళ్తే లోపం ఉంటే దొరుకుతుంది.

మళ్ళీ పిలవడం గురించి. లినక్స్‌లో క్లోజ్ మొదట ఫైల్ డిస్క్రిప్టర్ నంబర్‌ని (ఫైల్ తెరిచినప్పుడు కెర్నల్ మీకిచ్చే నంబర్) విడుదల చేస్తుంది, ఫ్లష్ లాంటివి ఆ తర్వాత. అందుకే ఎర్రర్ వచ్చినా ఆ నంబర్ అప్పటికే ఖాళీ అయిపోయింది. ఒకే త్రెడ్ ఉంటే రెండోసారి పిలిచినప్పుడు "అలాంటి డిస్క్రిప్టర్ లేదు" అన్న ఈబ్యాడ్‌ఎఫ్ వస్తుంది, పెద్ద నష్టం లేదు. చాలా త్రెడ్లు ఉంటేనే ప్రమాదం. మీ మొదటి క్లోజ్‌కీ రెండో క్లోజ్‌కీ మధ్య ఇంకో త్రెడ్ ఏదో సాకెట్ తెరిచిందనుకోండి, కెర్నల్ ఎప్పుడూ ఖాళీగా ఉన్న అతి చిన్న నంబరే ఇస్తుంది కాబట్టి దానికి అదే నంబర్ వచ్చే అవకాశం ఎక్కువ. మీ రెండో క్లోజ్ వాళ్ళ సాకెట్‌ని మూసేస్తుంది. ఆ తర్వాత ఒక త్రెడ్ రాసింది ఇంకో త్రెడ్ ఫైల్లోకి వెళ్ళడం లాంటివి జరుగుతాయి. ఇలాంటి బగ్ అసలు చోటుకి చాలా దూరంలో బయటపడుతుంది, పట్టుకోవడం నరకం.

సిగ్నల్ వల్ల క్లోజ్ మధ్యలో ఆగి ఈఇంటర్ వచ్చినా లినక్స్‌లో ఇదే నియమం, మళ్ళీ పిలవొద్దు. ఇక్కడే చాలామంది తడబడతారు, ఎందుకంటే రీడ్, రైట్‌లకు ఈఇంటర్ వస్తే మళ్ళీ పిలవడమే సరైన పద్ధతి, ఆ అలవాటుతో క్లోజ్ చుట్టూ కూడా అదే లూప్ పెట్టేస్తారు. దీనిమీద అన్ని యునిక్స్‌లూ ఒక్కటి కావు. హెచ్‌పీ-యూఎక్స్‌లో ఈఇంటర్ వస్తే డిస్క్రిప్టర్ ఇంకా తెరిచే ఉంటుంది, మళ్ళీ మూయాలి. 2008 నాటి పోజిక్స్ ప్రమాణం ఆ స్థితి ఏమిటో తేల్చకుండా వదిలేసింది. మీ ప్రోగ్రామ్ లినక్స్ మీద నడిచేదైతే మీ నియమం సులువు: క్లోజ్ ఒక్కసారే. ఈబ్యాడ్‌ఎఫ్ మాత్రం వేరే జాతి. అది డిస్క్‌కి సంబంధించినది కాదు, మీ ప్రోగ్రామ్‌లో ఎవరో అదే నంబర్‌ని ముందే మూసేశారని అర్థం. దాన్ని లాగ్‌లో రాసి ముందుకెళ్ళకండి. డెవలప్‌మెంట్‌లో అక్కడే అసర్ట్ పెట్టి ప్రోగ్రామ్‌ని ఆపేయండి.

ఇక ఎఫ్‌సింక్. లోకల్ డిస్క్ మీద క్లోజ్ ఏమీ చెప్పదు గనక అక్కడ నిజం చెప్పేది ఇదే. ఉన్న మురికి పేజీలన్నీ పంపి, డిస్క్ సొంత క్యాష్‌ని కూడా ఖాళీ చేయమని చెప్పి, అయ్యాక తిరిగొస్తుంది. "లోకల్ డిస్క్‌లో చోటుందని రైట్ చెప్పాక ఇంకేం పోతుంది" అని అడుగుతారు. డిస్క్ పాడవొచ్చు, కేబుల్ ఊడొచ్చు, యూఎస్‌బీ డ్రైవ్ ఎవరో లాగేయొచ్చు. ఇవన్నీ అరుదే. అంత అరుదు కానిది థిన్ ప్రొవిజనింగ్. అందులో ఫైల్ సిస్టమ్‌కి కావలసినంత చోటు ఉన్నట్టే కనపడుతుంది, కింద ఉన్న ఉమ్మడి పూల్ మాత్రం నిండిపోయి ఉంటుంది. రైట్ సఫలం, క్లోజ్ సఫలం, వెనకాల ఫ్లషర్ పంపిన పేజీలు మాత్రం ఫెయిల్. వర్చువల్ మెషీన్లలో మీ డిస్క్ కింద ఏముందో మీకు కనపడనే కనపడదు.

ఎఫ్‌సింక్ ఫెయిలైతే దాన్ని కూడా మళ్ళీ పిలిచి "ఈసారి వచ్చింది" అని సంతోషపడకండి. ఇది చాలామంది అనుభవజ్ఞులకే తెలియని విషయం. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ల మధ్య దీనిమీద పెద్ద చర్చ నడిచింది. వాళ్ళ చెక్‌పాయింట్ కోడ్ ఎఫ్‌సింక్ ఫెయిలైతే కాసేపాగి మళ్ళీ ప్రయత్నించేది. లినక్స్‌లో జరిగేదేమిటంటే, పేజీని డిస్క్‌కి పంపడం ఫెయిలైతే కెర్నల్ ఎర్రర్‌ని నమోదు చేసి ఆ పేజీని "శుభ్రం" అని గుర్తు పెట్టేస్తుంది. మొదటి ఎఫ్‌సింక్ ఎర్రర్ చెబుతుంది. రెండోదానికి పంపాల్సిన మురికి పేజీలేవీ కనపడవు, సున్నా ఇచ్చేస్తుంది. డేటా డిస్క్ మీద లేదు, ప్రోగ్రామ్ ఉందనుకుంటుంది. 2019 మొదట్లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ మైనర్ రిలీజ్‌ల నుంచి ఎఫ్‌సింక్ ఫెయిలైతే సర్వర్ పానిక్ అయి ఆగిపోతుంది, రైట్-అహెడ్ లాగ్ (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) నుంచి మళ్ళీ కోలుకుంటుంది. అంత పెద్ద డేటాబేస్ "మళ్ళీ ప్రయత్నించడం కంటే ఆగిపోవడం మేలు" అని తేల్చుకుంది.

ఇంకో మెలిక. పాత కెర్నళ్ళలో ఆ ఎర్రర్ గుర్తు మొదట అడిగినవాళ్ళకు చెప్పగానే చెరిగిపోయేది. ఇద్దరు అదే ఫైల్ తెరిచి ఉంటే ఒకరికి తెలిసేది, ఇంకొకరికి తెలిసేది కాదు. ఏ సంబంధమూ లేని ప్రాసెస్ ఒకటి సింక్ పిలిచినా మీ ఎర్రర్ దాని ఖాతాలో మాయమవ్వొచ్చు. లినక్స్ 4.13 నుంచి పద్ధతి మారింది. ఎర్రర్ వచ్చిన సమయానికి ఫైల్ తెరిచి ఉంచిన ప్రతి ఒక్కరికీ వాళ్ళు అడిగినప్పుడు ఒక్కోసారి చెబుతుంది. దీన్నిబట్టి మీకు పనికొచ్చే సూత్రం: ఏ డిస్క్రిప్టర్‌తో రాశారో దాన్ని మూయకముందే, దానిమీదే ఎఫ్‌సింక్ పిలవండి. రాసి, మూసి, తర్వాత మళ్ళీ తెరిచి ఎఫ్‌సింక్ చేద్దామన్న డిజైన్ పెట్టుకోకండి.

రాసిన ఫైల్‌ని వెంటనే చదివి పోల్చి చూసుకుంటే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. సరిపోదు. ఆ చదవడం పేజ్ క్యాష్ నుంచే జరుగుతుంది. ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లలో రైట్‌బ్యాక్ (పేజీని డిస్క్‌కి పంపడం) ఫెయిలైన పేజీలో కొత్త డేటా మెమరీలో అలాగే ఉంటుంది, కాబట్టి చెక్‌సమ్ చక్కగా సరిపోతుంది. మెమరీ అవసరమై కెర్నల్ ఆ పేజీని వదిలేశాక, లేదా మెషీన్ రీస్టార్ట్ అయ్యాక చదివితే పాత డేటానో చెత్తో వస్తుంది. ఎఫ్‌సింక్ ఫెయిలయ్యాక నమ్మదగిన దారి ఒక్కటే: మీ దగ్గరున్న మూల డేటాతో కొత్త ఫైల్‌లోకి మొదటినుంచి రాయడం. మూలం లేకపోతే ఆగిపోయి మనిషికి చెప్పడం.

మీ ఫంక్షన్ ఎలా ఉండాలో మాటల్లో చెబుతాను. గమ్యం ఉన్న డైరెక్టరీలోనే తాత్కాలిక పేరుతో ఫైల్ తెరవండి. ఎఫ్‌రైట్‌తో రాయండి. చివర ఎఫ్‌ఫ్లష్ పిలిచి ఫలితం చూడండి, ఎఫ్‌ఎర్రర్ కూడా చూడండి (మధ్యలో ఎక్కడైనా వచ్చిన ఎర్రర్ ఆ జెండాలో నిలిచి ఉంటుంది). తర్వాత ఫైల్‌నో ద్వారా డిస్క్రిప్టర్ తీసుకుని ఎఫ్‌సింక్. ఎఫ్‌ఫ్లష్ లేకుండా నేరుగా ఎఫ్‌సింక్ పిలిస్తే ప్రాసెస్ బఫర్‌లో మిగిలినదాని సంగతి కెర్నల్‌కి తెలియదు, ఈ వరుస తప్పకండి. ఆ తర్వాత ఎఫ్‌క్లోజ్, మధ్యలో ఏది ఫెయిలైనా సరే ఎఫ్‌క్లోజ్ మాత్రం ఒక్కసారి పిలవాలి, లేకపోతే డిస్క్రిప్టర్ లీక్ అవుతుంది. మొదట వచ్చిన ఎర్నో విలువను ఒక వేరియబుల్‌లో దాచుకోండి, శుభ్రం చేసే కాల్స్ దాన్ని చెరిపేస్తాయి. ఎఫ్‌క్లోజ్ ఫెయిలైనా ఆ ఫైల్ పాయింటర్‌ని మళ్ళీ ముట్టుకోకూడదు. అన్నీ బాగుంటేనే రీనేమ్. ఏదైనా తేడా వస్తే తాత్కాలిక ఫైల్‌ని తీసేసి ఎర్రర్ తిరిగివ్వండి, పాత ఫైల్ చెక్కుచెదరకుండా ఉంటుంది. కరెంటు పోయినా కొత్త పేరు నిలవాలంటే రీనేమ్ తర్వాత డైరెక్టరీని తెరిచి దానికీ ఎఫ్‌సింక్ పిలవాలి.

తాత్కాలిక ఫైల్, రీనేమ్ పెట్టుకుని ఎఫ్‌సింక్ వదిలేసినవాళ్ళు 2009 ప్రాంతంలో ఎక్స్‌టీ4 కొత్తగా వచ్చినప్పుడు గట్టిగా దెబ్బతిన్నారు. బ్లాకుల కేటాయింపుని అది ఆలస్యం చేస్తుంది కాబట్టి, క్రాష్ అయిన మెషీన్లు తిరిగి లేచేసరికి రీనేమ్ జరిగి ఉండేది, లోపల సున్నా బైట్లు ఉండేవి. తర్వాత ఎక్స్‌టీ4లో ఈ రీనేమ్ పద్ధతిని గుర్తుపట్టి డేటాని ముందే పంపే ఏర్పాటు చేశారు. ఆ దయ మీద ఆధారపడొద్దు, అది ఎర్రర్‌ని మీకు చెప్పదు.

మిగతా భాషల్లో పనిచేసేవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి కొంచెం. గో భాషలో డిఫర్‌తో క్లోజ్ పెట్టే అలవాటు చదవడానికి తెరిచిన ఫైళ్ళకు మంచిదే, రాసేవాటికి అది ఎర్రర్‌ని గాలికి వదిలేస్తుంది. డిఫర్ ఉంచుకుని, ఫంక్షన్ చివర సింక్, క్లోజ్ రెండూ నేరుగా పిలిచి ఎర్రర్ తిరిగివ్వండి. డిఫర్‌లోని రెండో క్లోజ్ హాని చేయదు, గో లైబ్రరీ అప్పటికే మూసిందని గుర్తుంచుకుని ఎర్రర్ మాత్రం ఇస్తుంది. రస్ట్‌లో ఫైల్, బఫ్‌రైటర్ రెండూ స్కోప్ దాటి పోయేటప్పుడు వచ్చిన ఎర్రర్లను మింగేస్తాయి. బఫ్‌రైటర్‌కి ఫ్లష్, ఫైల్‌కి సింక్ ఆల్ మీరే పిలవాలి. సీ ప్లస్ ప్లస్‌లో ఆఫ్‌స్ట్రీమ్ డిస్ట్రక్టర్ కూడా మౌనంగానే పోతుంది. క్లోజ్ పిలిచి ఫెయిల్ బిట్ చూడండి. పైథాన్‌లో విత్ బ్లాక్ చివర క్లోజ్ ఫెయిలైతే ఎక్సెప్షన్ వస్తుంది, ఆ విషయంలో అది మేలు, ఎఫ్‌సింక్ మాత్రం మీరే పిలవాలి. జావాలో ట్రై-విత్-రిసోర్సెస్ ఎక్సెప్షన్‌ని బయటికి పంపుతుంది గానీ, ప్రింట్‌రైటర్ వాడితే అసలు ఎక్సెప్షన్లే రావు, చెక్ ఎర్రర్ అనే మెథడ్‌ని అడగాలి. ముఖ్యమైన డేటాకి ప్రింట్‌రైటర్ వాడొద్దనే నేను చెబుతాను.

వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లు: మ్యాక్‌ఓఎస్‌లో ఎఫ్‌సింక్ డేటాని డ్రైవ్‌కి ఇస్తుంది గానీ డ్రైవ్ సొంత క్యాష్‌ని ఖాళీ చేయించదు, దానికి ఎఫ్‌సీఎన్‌టీఎల్‌లో ఫుల్ ఎఫ్‌సింక్ అనే ఆప్షన్ వాడాలి. విండోస్‌లో క్లోజ్ హ్యాండిల్‌కి ముందు ఫ్లష్ ఫైల్ బఫర్స్ పిలవాలి. అక్కడ వెనకాల రాయడం ఫెయిలైతే "డిలేడ్ రైట్ ఫెయిల్డ్" అని సిస్టమ్ నోటిఫికేషన్ వస్తుంది. అది స్క్రీన్ ముందు కూర్చున్న మనిషికి, మీ ప్రోగ్రామ్‌కి కాదు.

ఎక్కడ ఇదంతా అక్కర్లేదు? చదవడానికి మాత్రమే తెరిచిన ఫైళ్ళకు క్లోజ్ ఫలితం పట్టించుకోనక్కర్లేదు. ప్రోగ్రామ్ ముగియగానే పారేసే తాత్కాలిక ఫైళ్ళకు, మళ్ళీ సులభంగా తయారుచేసుకోగల క్యాష్‌లకు ఎఫ్‌సింక్ దండగ. ఎఫ్‌సింక్ ఖరీదైనది, తిరిగే డిస్క్ మీద ఒక్కోటి కొన్ని మిల్లీసెకన్లు తింటుంది. వేల చిన్న ఫైళ్ళు రాసేవాళ్ళు ప్రతిదానికీ పిలిస్తే పని నత్తనడక నడుస్తుంది. అలాంటిచోట అన్నీ రాశాక ఫైల్ సిస్టమ్ మొత్తానికి ఒకసారి సింక్‌ఎఫ్‌ఎస్ పిలవొచ్చు, కాకపోతే అది రైట్‌బ్యాక్ ఎర్రర్లను తిరిగి చెప్పడం లినక్స్ 5.8 నుంచే మొదలైంది. అంతకంటే పాత కెర్నల్ అయితే దాని సున్నాని నమ్మకండి. ఇక క్లోజ్ ఫలితం చూడటానికి ఖర్చేమీ లేదు, ఒక ఇఫ్ చాలు. దాన్ని వదిలేయడానికి పనితీరు కారణం కాలేదు.

ఎంమ్యాప్‌తో (ఫైల్‌ని మెమరీలో భాగంగా చూపించే కాల్) రాస్తుంటే క్లోజ్ గానీ మన్‌మ్యాప్ గానీ రాసిన డేటా గురించి ఏమీ చెప్పవు. ఎంసింక్ పిలిచి దాని ఫలితం చూడాలి.

చివరగా పరీక్షించడం, ఎందుకంటే పరీక్షించని ఎర్రర్ కోడ్ పనిచేస్తుందని నేను నమ్మను. మొదట /డెవ్/ఫుల్. తర్వాత 1 ఎంబీ పరిమితితో ఒక టీఎంపీఎఫ్‌ఎస్ (మెమరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్) మౌంట్ చేసి, అందులోకి అంతకంటే పెద్ద ఫైల్ రాయించండి. ప్రోగ్రామ్ ఏ మాట చెప్పి ఆగింది, ఎగ్జిట్ కోడ్ ఎంత, తాత్కాలిక ఫైల్ మిగిలిపోయిందా, పాత ఫైల్ ఉందా అన్నవి చూడండి. డిస్క్ నిజంగా చెడిపోయినట్టు నటించాలంటే లినక్స్ డివైస్ మ్యాపర్‌లో (డిస్క్ మీద ఇంకో పొర పెట్టే కెర్నల్ భాగం) డీఎం-ఫ్లేకీ అనే టార్గెట్ ఉంది, అది కొన్ని సెకన్లు పనిచేసి కొన్ని సెకన్లు ఎర్రర్ ఇస్తుంది. రైట్ సఫలమై ఎఫ్‌సింక్ ఫెయిలయ్యే దారిని దీంతోనే బాగా చూడగలరు. క్లోజ్‌కి మాత్రం అన్నిటికంటే తేలిక ఎస్‌ట్రేస్. 4.15 వెర్షన్ నుంచి అందులో ఏదైనా సిస్టమ్ కాల్ ఫెయిలైనట్టు చూపించే ఫాల్ట్ ఇంజెక్షన్ సౌకర్యం ఉంది. మొదట మామూలుగా నడిపి మీ ఫైల్ క్లోజ్ ఎన్నోదో లెక్కపెట్టుకోండి, ఎందుకంటే ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లోడర్ కూడా లైబ్రరీ ఫైళ్ళను తెరిచి మూస్తుంది. తర్వాత ఆ ఒక్క క్లోజ్‌కి మాత్రమే ఈఐఓ (ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్) వచ్చేలా పెట్టి నడపండి. ఒకటి గమనించండి: ఇలా ఇంజెక్ట్ చేసినప్పుడు అసలు క్లోజ్ జరగదు, డిస్క్రిప్టర్ తెరిచే ఉండిపోతుంది. అందుకని ఈ పరీక్షలో లీక్ కనపడితే అది మీ కోడ్ తప్పు కాదు.